స్కేట్‌బోర్డు మీదెక్కిన చదువు

రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం అనగానే అందరూ తాళపత్రాల గురించి చెబుతారు. వాసురాయ, రత్నకవి గ్రంథాలయాలు కలిసి ఏర్పడిన చోటు కదా, చెప్పుకోవాల్సిందే. కానీ పదో తరగతి కుర్రాడికి అక్కడ ఏం చూపించాలి?

మా పిన్ని కొడుక్కి స్కేట్‌బోర్డు పిచ్చి. సాయంత్రమైతే గోదారి గట్టున నున్నటి చోటు వెతుక్కుంటాడు. హాఫియర్లీలో ఇంగ్లిష్ పోయిందని పిన్ని ఆ బోర్డును అటకెక్కించేసింది. లైబ్రరీకి తీసుకెళ్తే, "ఇక్కడ నేను చదివేదేముంది అన్నయ్యా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే!

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, ఫోన్లో 'థ్రాషర్' తీసిచ్చాను. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన స్కేట్‌బోర్డు పత్రిక అది. పాఠంలో నాలుగు లైన్లు దాటనివాడు రెండు పేజీలు లాగించేశాడు. తెలీని మాటలు నన్నడిగాడు, వాటిలో సగం నాకూ తెలీవు. 'ఓలీ' అనే విన్యాసానికి ఆలన్ గెల్ఫాండ్ ముద్దుపేరే పెట్టారని మర్నాడు వాడే నాకు చెప్పాడు.

ఇదేం కొత్త కిటుకు కాదు. మన పెద్దాళ్లలో ఎంతమంది కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలతో చదువరులయ్యారో అడిగి చూడండి. 1935లో పాతూరి నాగభూషణం గారైతే కొల్లూరు, పెదపులివర్రు మధ్య కాలువలో పుస్తకాల పడవే నడిపించారు. జనం దారిలోకి పుస్తకం వెళ్లాలన్నది ఆయన లెక్క. ఇప్పటి కుర్రాళ్ల దారి చక్రాల మీద ఉంటే, రీడింగ్ రూములో ఆ పత్రికలకీ ఒక బల్ల వేయొచ్చుగా?

వారానికి మూడు పేజీలు చదివి అర్థం చెబితే బోర్డు దించాలని పిన్నితో బేరం పెట్టాం.

"ఆదివారం ఒక్కపూటే" అంది.