అది వార్ధక్యం కాదు

72వ ఏట మా నాన్నగారి నడక మారింది. పాదాలు నేలకు అతుక్కున్నట్లు ఈడ్చేవారు. మతిమరుపు, మూత్రం ఆపుకోలేకపోవడం తోడయ్యాయి. వార్ధక్యమన్నారు బంధువులు.

వైద్యులు మాత్రం మెదడు కుహరాల్లో ద్రవం పేరుకున్నదేమోనని శంకించారు. ఈ ‘నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్’ను 1965లో కొలంబియా వైద్యుడు సాలొమోన్ హకీం వర్ణించారు.

స్కానులో కుహరాలు పెద్దవిగా కనిపించినా, అది చాలదట. ముందుగా 10 మీటర్ల నడకకు పట్టిన కాలం లెక్కించారు: 31 సెకన్లు. తరువాత నడుము వద్ద వెన్నులోకి సూది గుచ్చి 40 మిల్లీలీటర్ల ద్రవం తీశారు. కొన్ని గంటలకు అదే దూరం 19 సెకన్లలో నడిచారు!

మార్పు కనిపించకున్నా వ్యాధి లేదని తేల్చరాదట. సన్నని గొట్టంతో సుమారు 3 రోజులు ద్రవం తీసి చూస్తారు. నాన్నగారికి ఆ అవసరం కలగలేదు.

ద్రవాన్ని పొట్టలోకి మళ్లించే షంట్ అమర్చారు. మతిమరుపు కొంత మిగిలింది. కాని పాలు తేవడానికి ఇప్పుడు ఆయనే వెళుతున్నారు.