సాక్ష్యం వేరు, ఆధారం వేరు

మా అమ్మమ్మ 2010లో పోయింది. ఆమెకున్న ఒక్కగానొక్క కొడుకు, అంటే మా మామ, తలకొరివి పెట్టలేదు. అప్పటికి పన్నెండేళ్ళుగా ఆయన క్రైస్తవుడు. పాడె మోశాడు, అందరికంటే ఎక్కువ ఏడ్చాడు, కానీ కొరివి ముట్టుకోలేదు. మా అమ్మ చిన్నాయన కొడుకు పెట్టాడు. అస్థికలు ధర్మపురి తీసుకెళ్ళి గోదావరిలో కలిపింది కూడా ఆయనే.

ఆ రోజు నుంచి మూడేళ్ళు అమ్మ తన తమ్ముడితో మాట్లాడలేదు. మా ఇల్లు కరీంనగర్లో. మామ ఉండేది అప్పటి ఆదిలాబాద్ జిల్లా మంచిర్యాల దగ్గర, సింగరేణి క్వార్టర్లో. మధ్యలో ఉన్నది గోదావరి, అంతే.

2013లో ఒక రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "కొడుకా, నువ్వింత సదువుకున్నవ్. గా యేసు సచ్చి లేచిండన్నది నిజమేనా? నిజమైతే మీ మామను మాఫీ చెయ్యాలె. అబద్ధమైతే వాడు అవ్వకు అన్యాలం జేసినట్టే."

"ఎవరి నమ్మకం వాళ్ళదమ్మా" అని తప్పించుకోవచ్చు. మనలాంటి వాళ్ళం సాధారణంగా చేసేది అదే. కానీ ఆమె అడిగింది మర్యాద కోసం కాదు. అందుకే ప్రొడక్షన్‌లో బగ్ వస్తే ఏం చేస్తామో అదే చేశాను. ఎవరేమన్నారో పక్కన పెట్టి ముందు లాగ్స్ చూశాను.

ముందు గట్టిగా నిలబడేవి చెప్తాను. యేసు అనే మనిషే లేడని కొందరు వాదిస్తారు. అది నిలబడదు. క్రైస్తవులంటే గిట్టని రోమన్ చరిత్రకారుడు టాసిటస్, క్రీ.శ. 116 ప్రాంతంలో రాస్తూ, తిబెరి చక్రవర్తి కాలంలో పిలాతు ఆయనకు మరణశిక్ష వేశాడని చెప్పాడు. అంతకు ముందే యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. ఆయన పుస్తకంలో యేసు గురించిన ఒక పేరాలో తర్వాతి క్రైస్తవుల చేయి పడిందని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. కానీ యేసు తమ్ముడు యాకోబును చంపించిన సంగతి చెప్పే ఇంకో చోటు అసలుదేనని ఎక్కువమంది అంటారు. బార్ట్ ఎర్మన్ విశ్వాసి కాడు. ఆయనే యేసు ఉన్నాడని వాదిస్తూ 2012లో ఒక పుస్తకం మొత్తం రాశాడు.

ఇక అసలు ప్రశ్న, పునరుత్థానం. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక సిలువ తర్వాత దాదాపు పాతికేళ్ళకు వచ్చింది. లేచిన యేసు ఎవరెవరికి కనిపించాడో అందులో పేర్లతో సహా ఉంది. యాకోబు పేరూ ఉంది. యేసు బతికుండగా ఆయన తమ్ముళ్ళు ఆయన్ని నమ్మలేదని సువార్తే చెప్తుంది. పౌలైతే స్వయంగా విశ్వాసులను వేధించినవాడు. ఇలాంటి వాళ్ళు ఎందుకు మారారు? ఊరికే కొట్టిపారేసే ప్రశ్న కాదిది.

పాతికేళ్ళంటే మనం ఇవాళ వైటూకే నాటి కథలు చెప్పుకున్నట్టు. ముఖ్యమైనవి గుర్తుంటాయి. వివరాలు మాత్రం చెప్పేకొద్దీ పెరుగుతాయి.

ఆ పెరుగుదల కూడా కనిపిస్తుంది. సువార్తల్లో ముందు రాసింది మార్కు అంటారు. దాని పాత పూర్తి ప్రతులు రెండు, నాలుగో శతాబ్దానివి, ఖాళీ సమాధి చూసి ఆడవాళ్ళు భయంతో పారిపోవడంతో ఆగిపోతాయి. యేసు కనిపించే వచనాలు తర్వాత చేరినవి. మత్తయిలో శిష్యులకు గలిలయలో కనిపిస్తాడు, లూకాలో యెరూషలేములో. పుట్టుక సంగతీ అంతే. మత్తయి హేరోదు కాలమంటాడు, ఆ రాజు క్రీ.పూ. 4లో చనిపోయాడు. లూకా చెప్పే కురేనియ జనాభా లెక్క క్రీ.శ. 6లో జరిగింది.

"సాక్షులు కూడబలుక్కోలేదనడానికి అదే గుర్తు" అంటారు విశ్వాసులు. కొంత నిజమే. యాక్సిడెంట్ చూసిన నలుగురు నాలుగు రకాలుగా చెప్తారు. కానీ కలిస్తే నిజం, కలవకపోయినా నిజం అంటే ఎలా? ఎప్పటికీ ఫెయిల్ కాని టెస్ట్ కేసు ఏమీ టెస్ట్ చెయ్యదు.

నా లెక్క ఇలా తేలింది. ఆయన ఉన్నాడు, సిలువ మీద చనిపోయాడు, తర్వాత ఆయన్ని చూశామని కొందరు నిజాయితీగా నమ్మారు. లాగ్ అక్కడితో అయిపోయింది. నిజంగా లేచాడా, దుఃఖంలో వాళ్ళకలా కనిపించిందా అన్నది ఆ కాగితాలు తేల్చవు. నేను ఆ గీత దాటలేకపోయాను. ఇంతపాటి ఆధారంతో వేరే మతాల మహిమలను నేను నమ్మను కాబట్టి దీన్నీ నమ్మలేను.

అయితే అదే తూకంలో రెండో పళ్ళెం కూడా చూడాలి కదా? అమ్మమ్మకు పెట్టిన పిండం ఆమెకు చేరిందనడానికి నా దగ్గరున్న ఆధారమేంటి? అది ఇంకా తక్కువ. యేసు కథ తేలకపోతే మా ఇంటి పద్ధతి గెలిచినట్టేమీ కాదు.

మన వైపు చర్చిలు నిన్నా మొన్నా వచ్చినవి కావు. మెదక్ చర్చి 1924లో మొదలైంది. కరీంనగర్ సీఎస్ఐ డయోసిస్ 1978లో ఏర్పడింది. ఏ చర్చికెళ్ళినా ఒక మాట వినిపిస్తుంది, "సాక్ష్యం చెప్పండి" అని. మామ చెప్తుంటే ఒకసారి వెళ్ళి విన్నాను. జీతమంతా గుడుంబాకే పోయిన రోజులు, అత్త పుట్టింటికి వెళ్ళిపోవడం, 1998లో మానెయ్యడం. మళ్ళీ ముట్టలేదు, ఇది నేను కళ్ళారా చూసిందే. కోర్టులోనూ సాక్ష్యమే, చర్చిలోనూ సాక్ష్యమే. కానీ మామ సాక్ష్యం మామ గురించి చెప్తుంది, సమాధి గురించి కాదు. నేను వెతికింది ఆధారం.

ఈ సంగతి మామకు చెప్పాలంటే భయమేసింది. ఆ నమ్మకం కదిలితే మళ్ళీ సీసా పడతాడేమోనని. అయినా చెప్పాను. ఆయన నవ్వాడు.

"అల్లుడా, బాయిల దిగినంక పైకప్పును కర్రతోని కొట్టి సూస్తం. సప్పుడు మంచిగుంటే ముందుకు పోతం. కప్పు లోపట ఏమున్నదో ఎవలు సూసిండ్రు?"

"మంచి సప్పుడొచ్చిన కప్పు కూడా పడుతుంది కదా మామా?"

"పడ్తది. గందుకే రోజు కొట్టి సూస్తం." కాసేపాగి, "అవ్వకు కొరివి పెట్టకపోతిని. ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్రపట్టది" అన్నాడు.

అమ్మకూ అంతా చెప్పాను, పిండం మాటతో సహా. "మరి నీ సదువు దేనికొచ్చినట్టు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మామకు నిద్రపట్టదన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది.

ఆ ఏడాది పెత్రమాసకు అమ్మే తమ్ముడికి ఫోన్ చేసింది. మామ వచ్చాడు. పెద్దలకు పెట్టే ముందే ఆయన వాటా వేరే గిన్నెలో తీసి పక్కన పెట్టింది, పెట్టిన తర్వాతది ఆయన తినడని. మామ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని తిన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఇది చదివి విశ్వాసులు నన్ను మొండివాడంటారు, నాస్తికులు పిరికివాడంటారు. తెలుసు. మీకు ఇంకో లెక్క ఉంటే చెప్పండి, వింటాను. కాకపోతే మీ ఇంటి నమ్మకాన్ని కూడా అదే తూకంలో వేసి చెప్పండి.