భోజనాల బల్ల మీద నవలలు

మాంచెస్టర్‌లో 84, ప్లిమత్ గ్రోవ్. ముందు స్తంభాలతో నిలబడ్డ పాతకాలపు ఇల్లు. ఇంగ్లిష్ నవలా రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ 1850లో ఇక్కడికి వచ్చింది. 1865లో చనిపోయేదాకా ఇదే ఆమె సంసారం. పాస్టర్ భర్త, నలుగురు కూతుళ్ళు, పనివాళ్ళు, ఎడతెగని చుట్టాలు, పైగా ఆవు, కోళ్ళు, పందులు. ఇద్దరు పిల్లల్ని పెంచుతూ కథలు రాసుకునే దాన్ని నేను. ఈ ఇంట్లో అంత మంది మధ్య నవలలు ఎక్కడ పుట్టాయో చూడాలని ఎప్పటినుంచో కోరిక.

2014లో ఇంటిని బాగుచేసి జనానికి తెరిచారు. తాళ్ళు కట్టి మనల్ని దూరంగా నిలబెట్టరు, కుర్చీల్లో కూర్చోవచ్చు. అసలు సామాను చాలావరకు 1914లోనే అమ్ముడైపోయింది కాబట్టి ఇప్పుడున్నవి ఎక్కువగా ఆ కాలం నాటివే.

భర్త విలియమ్‌కి చదువుకునే గది ఉంది. గోడలనిండా పుస్తకాలు, మూసుకోవడానికి తలుపు. ఆమె రాసింది మాత్రం భోజనాల గదిలో, తలుపులు తెరిచిపెట్టుకుని. నేను అక్కడే చాలాసేపు ఉండిపోయాను. ఎవరు లోపలికొస్తున్నారో, ఎవరు బయటికెళుతున్నారో, ఎవరికి ఏం కావాలో అన్నీ ఆ కుర్చీ దగ్గరికే వచ్చి చేరతాయి. 1857 డిసెంబరులో ఒక అమెరికన్ స్నేహితుడికి రాసిన ఉత్తరంలో తన పొద్దుటి పనుల లెక్క చెప్పింది. పొద్దున తిన్న తర్వాత గంటలో తేల్చినవి: మాంసం ఎంతసేపు ఉడకాలి, మాంచెస్టర్ పొగకి తట్టుకునే పూలమొక్కలేవి, గౌను పొడవెంత, పిల్లల్ని చూసుకునే ఆమెకి జీతమెంత. మధ్యలో మన దేశంలోని సైన్యం పరిస్థితి మీద ఎవరో ఇచ్చిన ఉత్తరాలు చదివి, జవాబుతో సహా తిప్పి పంపడం. ఆ జాబితా చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. ఇందులో ఏదీ చిన్న పని కాదు, ఏదీ వాయిదా పడేదీ కాదు.

తెరిచిన తలుపుల మధ్య రాయడాన్ని గొప్పగా చెప్పుకోవడం నాకిష్టం లేదు. పనివాళ్ళున్న ఇల్లు అది, అయినా ఆమెకి చాలలేదు. డికెన్స్ వారపత్రికలో ‘నార్త్ అండ్ సౌత్’ సీరియల్‌గా నడుస్తుండగా, 1854 అక్టోబరులో డర్బీషైర్‌లోని ఫ్లారెన్స్ నైటింగేల్ వాళ్ళింటికి వెళ్ళి, అక్కడి ఏకాంతంలో రాసుకుంది. ఇంటికి దూరంగా ఆ కొన్నాళ్ళు దొరకకపోతే ఆ నవల ఏమయ్యేదో!

1862లో, రాయాలని తపించే ఒక చిన్నపిల్లల తల్లికి ఆమె సలహా ఇచ్చింది. బట్టలు సబ్బునీళ్ళలో నానబెట్టే ఉపాయంతో సహా ఇంటిపని తేలిక చేసుకునే దారులు చెప్పింది. ఆ ఉత్తరం నాకెంతో ఇష్టం, బట్టల సంగతీ నవల సంగతీ ఒకే కాగితం మీద రాయగలిగిన మనిషి కాబట్టి. కానీ దాని సారంతో నాకు పేచీ ఉంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు కల్పిత మనుషుల్లో మునిగిపోతే కళ్ళముందున్న మనుషులకి లోటు జరుగుతుందట. నలభై వచ్చాక రాస్తే నవల ఇంకా బాగుంటుందట.

ఆమె స్వయంగా చేసింది వేరు. 1845లో ఏడాదైనా నిండని కొడుకు విల్లీ స్కార్లెట్ జ్వరంతో పోయాడు. ఆ దుఃఖం నుంచి మనసు మళ్ళించుకోమని భర్త ప్రోత్సహిస్తే ‘మేరీ బార్టన్’ మొదలుపెట్టింది. ఈ ఇంటికి రాకముందే, 1846లో చిన్న కూతురు జూలియా పుట్టింది, 1848లో నవల అచ్చయింది. అప్పటికి జూలియాకి రెండేళ్ళు, తల్లికి ముప్ఫై ఎనిమిది. మిల్లు కార్మికుల ఆకలిని ఇంగ్లండు కళ్ళముందు పెట్టిన ఆ పుస్తకం నలభై దాకా ఆగలేదు.