అడుగు రేటు ఒక్కటే బేరం కాదు

బీరకాయల దగ్గర అయిదు రూపాయలకి బేరమాడే మనం, ఇల్లు కొనేటప్పుడు మాత్రం మగవాళ్ళ వెనక కుర్చీలో నోరు కట్టుకుని కూర్చుంటాం. అంత పెద్ద మొత్తం సంగతి మనకేం తెలుసులే అని. కానీ ఆ మొత్తంలో మన గాజులుంటాయి, పండక్కి కొనుక్కోని చీరలుంటాయి, అద్దె ఇళ్ళలో ఏళ్ళ తరబడి సర్దుకున్న సర్దుబాట్లుంటాయి. తెలుసుకోకపోతే ఎలా చెప్పండి?

కిందటేడు బాచుపల్లి వైపు కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూశాం. 1,250 అడుగులు, అడుగు 5,800. బిల్డర్ గారు మాట్లాడిందంతా మావారితోనే. నా వైపు తిరిగింది ఒక్కసారి, "వంటింట్లో గ్రానైట్ ఏ రంగో మేడమ్ చెప్తారు" అని.

అడుగు రేటు దగ్గర ఆయన కదల్లేదు. ఒకరికి తగ్గించారని తెలిస్తే మిగతావాళ్ళంతా మీద పడతారు కదా. అందుకని నేను రేటు పైన వేసేవన్నీ కాగితం మీద రాసుకున్నాను. కార్ పార్కింగ్ 3 లక్షలు, అమెనిటీస్ 2 లక్షలు, కరెంటు మీటరు, మంజీరా నీళ్ళు, కార్పస్ ఫండ్. కార్పస్ రేపు అసోసియేషన్‌కి చేరాల్సిన డబ్బు, దాని జోలికి పోదలుచుకోలేదు. మిగతావన్నీ అడగదగ్గవే.

ఆ చిట్టాలో చివరిది ఓసీ. "ఓసీ వచ్చిందాండీ?" అని నేనే అడిగాను.

"రెండు నెలల్లో వచ్చేస్తుందమ్మా. ఈలోపు టోకెన్ ఇచ్చేయండి, శ్రావణంలో గృహప్రవేశం చేసుకోవచ్చు" అన్నారు. మేడమ్ కాస్తా అమ్మ అయింది!

ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ప్లాన్ ప్రకారమే కట్టారు, కాపురం ఉండొచ్చు అని ప్రభుత్వం వైపు నుంచి ఇచ్చే కాగితం. అది రాకముందే డబ్బు కట్టడం మొదలుపెడితే మా ధర ఫ్లాట్‌కి 5 శాతం జీఎస్టీ. 72.5 లక్షల మీద మూడున్నర లక్షలు దాటుతుంది. ఓసీ వచ్చాకే మొత్తం కడితే ఆ పన్ను లేదు. పన్ను మాట అటుంచినా, ఆ కాగితం లేని ఇంట్లోకి అత్తయ్యని, పిల్లల్ని తీసుకెళ్ళడానికి నాకు ధైర్యం చాల్లేదు.

"వచ్చాకే కడతామండీ" అన్నాను. "అయితే ఫ్లాట్ ఆపలేను" అన్నారాయన.

అన్నట్టే ఏడు వారాలకి ఆ తూర్పు ఫేసింగ్ ఫ్లాట్ ఇంకెవరో కొనేసుకున్నారు. అత్తయ్య అప్పటికే అందులో దేవుడి గూడు ఎక్కడో కూడా అనుకుని ఉన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. మావారు ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ.

రెండు నెలల ఓసీ నాలుగున్నర నెలలకి వచ్చింది. అప్పటికి మిగిలినవి రెండు పడమర ఫేసింగ్‌వి, త్వరగా అమ్ముడుపోనివి. ఈసారి ఫోన్ ఆయన దగ్గర్నుంచే వచ్చింది. అడుగుకి వంద తగ్గింది. పార్కింగ్ డబ్బు వదిలేశారు, అమెనిటీస్ సగమయ్యాయి. నోటిమాటగా ఒప్పుకున్న బాల్కనీ గ్రిల్లు, దోమల మెష్, ఇన్వర్టర్ వైరింగ్ అగ్రిమెంట్‌లో రాయమన్నాను.

"ఇంత చిన్నవి కూడానా అమ్మా?"

"చిన్నవే కదండీ, రాస్తే పోయేదేముంది?"

రాశారు.

అత్తయ్య ఇల్లు చూసి, "గుమ్మం పడమరైతేనేం, బాల్కనీ తూర్పుకుంది. సూర్యుడికి దణ్ణం పెట్టుకోవచ్చు" అన్నారు. నాకు అప్పటికి గానీ ఊపిరి తిరగలేదు.

ఇంకో సంగతి. రెరా చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన 5 ఏళ్ళలోపు నిర్మాణ లోపం కనబడి మనం చెబితే, 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి. మొన్న వానలకి మా పడగ్గది గోడ చెమ్మ పట్టింది. ఫోన్ చేసి ఊరుకోలేదు, తేదీ వేసి ఉత్తరం ఇచ్చి, నకలు మీద సంతకం పెట్టించుకున్నాను. ఇల్లు కొనబోయే అక్కచెల్లెళ్ళూ, బిల్డర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం, పెన్ను మీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి.