రేకు మాట ఎవరూ అడగరు

మేస్త్రీ స్క్రూడ్రైవరు తిరగేసి పట్టుకున్నాడు. పిడితో డోరు కింది అంచు పొడవునా టకటకా కొట్టుకుంటూ వెనక చక్రం దాకా వెళ్లాడు. మంచి రేకు ఖంగుమని పలికింది. చక్రానికి జానెడు ఇవతల చప్పుడు మొద్దుబారింది. అక్కడ ఆగి, మొన వైపు తిప్పి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాడు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది, మొన మాత్రం అంగుళం లోపలికి దిగిపోయింది. బయటికి లాగితే ఎర్రటి పొడి, దాని వెనకే తడి మట్టి రాలాయి.

"సూసేరా మాస్టారూ, లోపల్నుంచి తినీసింది" అన్నాడు మా బాబాయితో.

బాబాయి లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. ఉండేది విశాఖ లాసన్స్ బే కాలనీలో, మేడ మీదికెక్కితే సముద్రం కనిపించే ఇంట్లో. కారు 2002 మోడల్ మారుతి 800. "ఊళ్లో ఉన్న ప్రతి పాత గుడి మీదా రాస్తావు, నా కారు మీద రాయవేంరా" అని ఫోన్లో దెప్పాడు. సంపాదకుడికి చెబితే ఆయన నవ్వి, రాయమన్నాడు. అలా గాజువాక ఆటోనగర్‌లో ఈ టింకరింగ్ షెడ్డు ముందు ఓ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఆటోనగర్‌లో చూడాల్సినవి చాలా ఉన్నాయి, లారీ బాడీలు కట్టేవాళ్లు, రేడియేటర్లు అతికేవాళ్లు, కమాన్ కట్టల వాళ్లు. నేను కుర్చీ వదల్లేదు.

ఇంజిన్ సంగతి ముందే చెప్పేస్తాను, చెప్పడానికి పెద్దగా లేదు కాబట్టి. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇన్నేళ్లలో బెల్టులు మార్చారు, క్లచ్ ప్లేటు మార్చారు, రేడియేటర్ మార్చారు. తాళం తిప్పగానే స్టార్టయింది. కంపెనీ ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆపేసింది. తర్వాత 796 సీసీ ఇంజిన్‌తోనే నడిచిన ఆల్టో 800 కూడా 2023లో ఆగింది. అయినా ఇంజిన్ సామాను ఆటోనగర్‌లో ఏ కొట్టుకు వెళ్లినా దొరుకుతుంది. దేశంలో పాతిక లక్షలకు పైగా అమ్ముడైన బండి, దొరక్కేం.

ఎవరైనా పాత కారు కొనబోతే మనం అడిగే ప్రశ్నలన్నీ ఈ ఇంజిన్ చుట్టూనే తిరుగుతాయి. ఎంత తిరిగింది, మైలేజీ ఎంత, పొగ వస్తుందా, ఏసీ పనిచేస్తుందా. రేకు ఎలా ఉందని అడిగేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అడిగినా అది రంగు గురించే. విశాఖలో కారు చచ్చేది ఇంజిన్ పోయి కాదు, అడుగు పోయి.

మారుతి 800కి విడిగా ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా బరువు మోసేవి డోర్ల కింద పెట్టెల్లా ఉండే రెండు రన్నింగ్ బోర్డులు, వాటి మధ్య ఫ్లోరు. అంబాసిడర్‌కీ విడి ఛాసిస్ లేదు గానీ దాని రేకు దళసరి. మారుతి మొత్తం బరువే సుమారు ఆరు వందల యాభై కిలోలు, రేకు మందం మిల్లీమీటరు లోపే. పలచన కాబట్టే పెట్రోలు తక్కువ తాగింది, పలచన కాబట్టే మధ్యతరగతి ఇంటి ముందుకు వచ్చింది. కాదనను. కానీ ముప్పాతిక మిల్లీమీటరు రేకులో తుప్పు అవతలికి రావడానికి ఎంతో కాలం పట్టదు.

సముద్రం పక్కన ఏం జరుగుతుందో మేస్త్రీ ఒక్క మాటలో చెప్పాడు: "ఇక్కడ బండి ఎప్పుడూ ఆరదు బాబూ." రసాయన శాస్త్రం చెప్పేదీ అదే. అల విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో కలిసి రేకు మీద సన్నటి ఉప్పుగా దిగుతుంది. గాలిలో తేమ డెబ్బై అయిదు శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది అంతకన్నా చాలా తక్కువ తేమలోనే చెమ్మగిల్లుతుంది. అంటే చినుకు పడకపోయినా, కవరు కప్పి షెడ్డులో పెట్టినా, లాసన్స్ బే కాలనీలో కారు అడుగు తడిగానే ఉంటుంది. ఆ తడిలో ఉప్పు కలిసి ఉంటుంది గనక తుప్పు పని చురుగ్గా సాగుతుంది. పైగా తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, గుల్లగా ఉంటుంది. అల్యూమినియం మీద ఏర్పడే పొర మిగతా లోహాన్ని కాపాడుతుంది, తుప్పు కాపాడదు. ఉబ్బి, పొరలుగా రాలి, కింద ఉన్న ఇనుమును మళ్లీ గాలికీ నీళ్లకూ అప్పగిస్తుంది. మనం "పెయింటు పొంగింది" అనేది ఈ ఉబ్బునే. అది కనిపించేసరికి లోపల పని ముగిసినట్టే.

అన్నిటికన్నా నన్ను చికాకు పెట్టింది వేరే సంగతి. ప్రతి డోరు అడుగునా, రన్నింగ్ బోర్డు అడుగునా నీళ్లు పోవడానికి చిన్న బెజ్జాలుంటాయి. అద్దం పక్కనుంచి డోరులోకి దిగిన వాన నీరు వాటిలోంచే బయటికి పోవాలి. బాబాయి కారులో అవన్నీ మట్టితో, ఎండుటాకుల పిప్పితో మూసుకుపోయాయి. ఇన్నేళ్ల సర్వీసింగుల్లో పైన షాంపూ పెట్టారు, లోపల సెంటు కొట్టారు. ఒక షోరూంలో అయితే డబ్బు తీసుకుని అండర్ కోటింగ్ అని నల్లటి తారు లాంటిది కొట్టారు, అదీ ఈ బెజ్జాల మీదుగానే. నీరు లోపలే బందీ అయింది. మేస్త్రీ ఆ నల్ల పొరను గోకుతూ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఇక ఆయన చేతుల గురించి. కుళ్లిన రేకును ఉలితో కోసి తీసేశాడు. అట్టముక్క పెట్టి ఆకారం గీసుకున్నాడు. రేకు కత్తెరతో ముక్క కోసి, రైలు పట్టా ముక్క మీద పెట్టి అంచు మడిచాడు. టేపు వాడలేదు, రెండుసార్లు పెట్టి చూసుకున్నాడంతే. గ్యాస్ వెల్డింగ్ వరసగా లాగించలేదు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యమధ్య తడిగుడ్డ అద్దకం. వరసగా లాగితే పలచటి రేకు వేడికి అప్పడంలా వంకర్లు పోతుంది. అతుకు పూర్తయ్యాక లోపల డోలీ అనే ఇనుప దిమ్మ, బయట సుత్తి పెట్టి అతుకు గట్లను అణచడం మొదలుపెట్టాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడమ అరచేతి కింద పలచటి నూలుగుడ్డ వేసుకుని రేకు మీద జరుపుతున్నాడు. అప్పుడాయన రేకు వైపు చూడడు. రోడ్డు మీద పోయే లారీల వైపు చూస్తాడు.

"గుడ్డెందుకు మేస్త్రీ?"

"ఒట్టి సెయ్యి సెమటకి పట్టేస్తాది బాబూ. గుడ్డుంటే జారతాది. జారితేనే గుంట తెలుస్తాది. కంటికి తెలీదు."

తెలియదనే మాట నిజమే. నేను కిందికి వంగి, పక్కనుంచి, వెలుగుకు అడ్డంగా చూశాను. నాకు అంతా చదునుగానే ఉంది. ఆయన మళ్లీ డోలీ పెట్టి రెండు దెబ్బలు వేశాడు. పని నచ్చని చోట ఎక్కువ లప్పం పెట్టి పైన రంగు కొట్టేయడం వీధిలో మామూలేనట. అయస్కాంతం పెడితే అలాంటి చోట అంటుకోదు. పాత కారు కొనేవాళ్లు జేబులో చిన్న అయస్కాంతం వేసుకు వెళ్లడం మంచిది.

వెల్డింగ్‌కు ఆయన తెచ్చింది జింకు పూత లేని మామూలు రేకు. పూత ఉన్నదే వాడొచ్చు కదా అన్నాను. మంట పెడితే అతుకు దగ్గర జింకు ఎలాగూ కాలిపోతుంది, పైగా ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. పాలు తాగితే పోతుందని ఈ వీధిలో నమ్మకం. పాలకన్నా కిటికీ మేలని నా నమ్మకం, షెడ్డుకు కిటికీ లేదు. జింకు మీద గీత పడ్డా ముందు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. 1986లో వచ్చిన ఆడి 80కి బాడీ మొత్తం జింకు పూత రేకుతోనే చేశారు. మారుతి 800 కొత్త రూపంలో వచ్చిందీ అదే ఏడు. బాబాయి కారు నుంచి కోసిన ముక్క చేతిలో తిప్పి చూసి, ఇందులో జింకు జాడే లేదన్నాడు మేస్త్రీ.

ఆటోనగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉక్కు ఫ్యాక్టరీ. ఉద్యమం చేసి తెచ్చుకున్న ఫ్యాక్టరీ. కానీ అక్కడ తయారయ్యేవి కడ్డీలు, తీగలు, రౌండ్లు, యాంగిళ్లు. కారుకు కావలసిన పలచటి రేకు అక్కడ తయారు కాదు. మేస్త్రీ దగ్గరి రేకు ఎక్కడి నుంచో వచ్చింది. ఇలాంటి విడ్డూరం డెట్రాయిట్‌కూ ఉంది. కార్లకు పేరుపడ్డ ఆ ఊరి కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. అక్కడి చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పే కార్ల అడుగులను తినేస్తుంది. మిషిగన్‌లోనో ఒహాయోలోనో స్థిరపడ్డ మనవాళ్లకు ఇది కొత్త కాదు. చలికాలంలో కారు కింది భాగం కడిగించడం వాళ్లకు పాలు కొనుక్కోవడమంత మామూలు పని. ఉప్పు కనిపిస్తుంది కాబట్టి కడుగుతారు. మన ఉప్పు గాలిలో ఉంటుంది.

యూరప్‌లో చాలా కంపెనీలు తుప్పుతో రేకుకు చిల్లు పడదని ఏళ్ల తరబడి రాతపూర్వకంగా హామీ ఇస్తాయి. మన దగ్గర ఇన్సూరెన్సు కాగితంలో అరుగుదల, తరుగుదల వర్తించవని రాసి ఉంటుంది. తుప్పు ఆ రెండు మాటల్లోనే పడిపోతుంది. పదిహేనేళ్లు దాటాక కారును అయిదేళ్లకోసారి మళ్లీ రిజిస్టర్ చేయించాలి. ఆ ఫీజును 2022 ఏప్రిల్లో ఆరు వందల నుంచి అయిదు వేలు చేశారు. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో పది వేలు చేశారు. ఫీజు పెంచడం మీద నాకు పేచీ లేదు. బాబాయి కారును తనిఖీ చేసిన చోట లైట్లు చూశారట, హారన్ విన్నారట, పొగ కాగితం అడిగారట. కింద వంగి చూసినవాడు లేడు. తనిఖీ అయ్యేనాటికి ఈ రన్నింగ్ బోర్డు ఎంత మిగిలి ఉందో ఎవరికి తెలుసు? కారును వయసుతో కొలిచేవాళ్లు స్క్రూడ్రైవరుతో ఎందుకు కొలవరు?

మధ్యాహ్నం టీ తాగుతూ మేస్త్రీ తన ఫిర్యాదు చెప్పాడు. షెడ్డులో కుర్రాడొక్కడే ఉన్నాడు, వాడూ పెయింటింగ్ నేర్చుకుంటానంటున్నాడు. "ఇప్పుడు కుర్రోలు బోల్టులిప్పడం నేర్సుకుంటన్నారు, రేకు కొట్టడం నేర్సుకోరు." ఇన్సూరెన్సు బళ్లకు డోరు సొట్ట పడితే డోరే మారుస్తారు, బంపరు సంగతి సరేసరి. కానీ రన్నింగ్ బోర్డు బోల్టులిప్పి మార్చేది కాదు, బాడీలో భాగం. అక్కడికి వచ్చేసరికి ఈ చేతులే కావాలి.

"అందుకైనా కూలి బాగానే ఇస్తారు కదా" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "పెయింటరుతో బేరమాడరు బాబూ. నాతో ఆడతారు. నా పని రంగు కిందుంటాది గదా, ఆళ్లకి కనపడదు."

బాబాయి తల పక్కకు తిప్పుకున్నాడు. పొద్దున ఆయన ఆడిన బేరం నేను విన్నాను.

విశాఖలోనో, కాకినాడలోనో, మచిలీపట్నంలోనో కారున్నవాళ్లకు నేను చెప్పేది ఇంతే. వానలు మొదలయ్యే ముందు బండిని లిఫ్టు మీద పెట్టించండి. డోర్ల కింద, రన్నింగ్ బోర్డుల కింద బెజ్జాలు తెరిపించండి, పుల్ల పెట్టి మీరే పొడిచినా చాలు. అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించి, ఆరాకనే మైనం గానీ పూత గానీ వేయించండి. తడి మీద కొడితే తుప్పుకు మూత పెట్టినట్టే. రంగు పొంగిన చోట టింకరు చేత ముందు తట్టించండి, పెయింటరు దగ్గరికి తర్వాత వెళ్లండి. రేకు పనికి అడిగిన కూలి ఇవ్వండి. బేరం పెయింటు దగ్గర ఆడండి.