వెనిస్ నుంచి నాన్నగారికి

మొదటి ఉత్తరం

వెనిస్, కన్నారేజో పేట
నవంబరు

బాబాయి వాళ్లు డబ్బు కట్టిన యూరప్ టూరులో మీరూ అమ్మా కూడా చేరాలా వద్దా అని అడిగారు. అందులో వెనిస్‌కి ఒక్క పూటే ఇచ్చారనీ, ఆ ఒక్క పూటలోనే దారి తప్పడం, డబ్బు వదలడం, జరిమానాలు కట్టడం జరుగుతాయని వెళ్లొచ్చినవాళ్లు భయపెడుతున్నారనీ రాశారు. వాళ్లు చెప్పినవి అబద్ధాలు కావు. అవన్నీ ఇక్కడ రోజూ జరుగుతూనే ఉంటాయి. అయితే ఆ తప్పంతా ఊరివాళ్ల మీదికి నెట్టడం మాత్రం నాకు న్యాయంగా తోచదు. ఇది జనం కాపురముండే ఊరు. దీన్ని చూసి పోయే ప్రదర్శన అనుకుని, ఒక పూటలో ముగించాలనుకున్నప్పుడే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పుడతాయి. ఎందుకలా అంటున్నానో వివరంగా రాస్తాను. మీరు చదివి, ఒప్పుకోలేని చోట నిలదీయండి.

చిక్కు రైల్లోనే మొదలవుతుంది. వెనిస్ పేరుతో రెండు పెద్ద స్టేషన్లున్నాయి. మెస్త్రే గట్టుమీది ఊరు, సాంతా లూచియా దీవుల మీది అసలు ఊరు. బోర్డు మీద పేరు చూసి మెస్త్రేలో దిగినవాళ్లు కార్లూ బస్సులూ తిరిగే మామూలు వీధులు చూసి తెల్లబోతారు. రెంటికీ మధ్య ఉప్పునీటి సరస్సు ఉంది. దాని మీద రైలు వంతెన 1846లో, పక్కనే రోడ్డు వంతెన 1933లో వచ్చాయి. అంతకుముందు వందల ఏళ్లు ఈ ఊరికి దారి నీళ్లమీదే. ఇప్పటికీ పియాత్సాలే రోమా అనే చౌకు దగ్గర రోడ్డు ఆగిపోతుంది. ఆ తర్వాత కారు లేదు, సైకిలూ లేదు. వందకు పైగా చిన్న దీవులు, వాటిని కలుపుతూ 400కు పైగా వంతెనలు. కింద పడవ పోవాలి కాబట్టి వంతెన పైకి లేస్తుంది, పైకి లేస్తుంది కాబట్టి దానికి మెట్లుంటాయి. సూట్‌కేసులతో వచ్చినవాళ్ల అవస్థకు మూలం ఇదే.

ఊరి సరుకు తోసే బండిని దగ్గరగా చూస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. దానికి రెండు పెద్ద చక్రాలతో పాటు ముందు కొసన రెండు చిన్న చక్రాలు కూడా ఉంటాయి. మెట్టు రాగానే మనిషి బండిని వంచి చిన్న చక్రాలను పైమెట్టు మీద ఆనిస్తాడు, ఆ ఆసరాతో పెద్ద చక్రాలను ఎక్కిస్తాడు, మళ్లీ వంచుతాడు. నీళ్ల సీసాలు, కూరగాయలు, హోటళ్ల దుప్పట్లు అన్నీ పడవ దిగి ఇలాగే గడప చేరతాయి. పక్కనే విమానాశ్రయం నున్నటి నేల కోసం చేసిన పెట్టె మెట్టుమెట్టుకీ కొట్టుకుంటూ చక్రం ఊడగొట్టుకుంటుంది. ఊరు తన మెట్లకు తగిన బండిని ఎప్పుడో చేసుకుంది. ఒక్క పూట కోసం వచ్చేవాళ్లకు ఆ మెట్ల సంగతి ముందుగా చెప్పేవాళ్లు లేరు, అంతే.

దారి తప్పడం కూడా ఇలాంటిదే. ఊరు ఆరు పేటలు: కన్నారేజో, కాస్తెల్లో, సాన్ మార్కో, దోర్సోదూరో, సాన్ పోలో, సాంతా క్రోచే. ఇంటి నంబర్లు వీధి లెక్కన ఉండవు, పేట మొత్తానికీ ఒకటే వరస. అది వేలల్లోకి వెళుతుంది. చిరునామాలో పేట పేరూ నంబరూ మాత్రమే ఉంటే, ఆ ఇల్లు పేటలో ఏ మూలనైనా ఉండవచ్చు. ఎత్తయిన గోడల మధ్య, చేతులు చాపితే రెండు పక్కలా తగిలే సందుల్లో ఫోనులోని మ్యాపు కూడా తడబడుతుంది. గోడల మీద పసుపు పలకలు రియాల్టో వంతెనకీ సాన్ మార్కో చౌకుకీ దారి చూపిస్తాయి. తొందరలో ఉన్నవాళ్లంతా వాటినే పట్టుకుని పోతారు. అందుకే మూడు నాలుగు దారులు ఊపిరాడనంత కిక్కిరిసి ఉంటాయి, పక్క సందులో బట్టలు ఆరేసుకునే ఇళ్లు ప్రశాంతంగా ఉంటాయి. రాత్రికి ఇక్కడే పడుకునేవాళ్లకు దారి తప్పితే పోయేది కాసింత నడక. నాలుగు గంటలకు బస్సు అందుకోవలసినవాళ్లకు అదే పెద్ద ఆపద.

వపోరెట్టో అనే బస్సు పడవ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద కాలువ పొడవునా నడిచే ఒకటో నంబరు పడవ చాలా రేవుల్లో రెండు దిక్కులకూ ఒకే తెప్ప మీదే ఆగుతుంది. నంబరు చూసి ఎక్కి, దిక్కు చూసుకోకపోతే వెళ్లవలసిన చోటికి ఎదురు దిక్కున తేలతాం. టికెట్టు 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. ఎక్కేముందు దాన్ని రేవులోని యంత్రానికి తాకించాలి. కొన్నాం కదా అని తాకించకుండా ఎక్కినవాళ్లు తనిఖీలో జరిమానా కడతారు. కోనసీమ లంకల్లో పంటు వేళను బట్టే మనిషి రోజు నడిచినట్టు ఇక్కడా రోజంతా పడవను బట్టే నడుస్తుంది. ఆ లయ ఒంటబట్టడానికి కనీసం ఒక రోజు కావాలి.

రెండో ఉత్తరం

దారి తప్పడం వేరు, డబ్బు గుంజడం వేరు, దీనికేమంటావని మీరు అడగడం సబబే. ఈ ఊళ్లో మోసం లేదని నేనెక్కడా అనను. బిల్లు వివరంగా చూపించని చోట్లు, యాత్రికుణ్ని చూసి ధర మార్చే చోట్లు ఉన్నాయి. అలాంటివి ఖండించవలసినవే. అయితే మోసం పేరుతో తిరిగే కథల్లో చాలావాటి వెనుక గోడ మీద రాసిపెట్టిన నియమమే ఉంటుంది. కాఫీ ఇటలీ అంతటా నిలబడి తాగేది. బల్ల దగ్గర నిలబడితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే ఇంకో ధర. భోజనశాలలో మనిషికింత అని కోపెర్తో అనే రుసుము విడిగా ఉంటుంది. సాన్ మార్కో చౌకులో వాద్యబృందం వాయిస్తూ ఉంటే దానికీ విడిగా తీసుకుంటారు. అన్నిటికన్నా ఎక్కువమందిని దెబ్బతీసేది చేప. పట్టీలో ఉన్న ధర చాలా చోట్ల 100 గ్రాములకు, పళ్లేనికి కాదు. మొత్తం చేప తూచి బిల్లు వేసేసరికి గుండె గుభేలుమంటుంది. ఇవన్నీ పట్టీలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆకలితో, అలసటతో, గైడు జెండా ఎటు పోతోందో చూసుకుంటూ కూర్చున్న మనిషికి అవి చదివే తీరిక ఎక్కడిది? హడావిడిలో ఉన్నవాళ్లకు అడిగే అవకాశమే ఉండదు, దాని ఖరీదు బిల్లులో కనిపిస్తుంది. గొండోలా సంగతీ అంతే. పగటిపూట అరగంటకు నగరపాలన నిర్ణయించిన ధర 90 యూరోలు, అదీ పడవ మొత్తానికి, మనిషికి కాదు. పెద్ద కాలువను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించే గొండోలా రెండు యూరోలకే ఎక్కించుకుంటుంది. దాని పేరు ట్రగెట్టో. టూరువాళ్లు దాన్ని చూపించగా ఇంతవరకు వినలేదు.

జరిమానాల మీద మీ అభ్యంతరం ఇంకాస్త బరువైనది. మెట్ల మీద కూర్చుని రొట్టె తింటే తప్పేమిటి, పావురాలకు గింజలు వేస్తే పాపమా అన్నారు. సాన్ మార్కోలో పావురాలకు గింజలు వేయడాన్ని 2008లో నిషేధించారు, వాటి రెట్టలు రాతి పనిని పాడు చేస్తున్నందుకు. 2019 వేసవిలో రియాల్టో వంతెన మెట్ల మీద పొయ్యి వెలిగించి కాఫీ కాచుకున్న ఇద్దరు జర్మన్ యాత్రికులకు 950 యూరోల జరిమానా వేసి ఊరి నుంచి పంపేశారు. అది మరీ ఎక్కువ శిక్షేనని నాకూ అనిపిస్తుంది. కానీ ఆ మెట్లు వేల మంది దాటే దారి. పెద్ద కాలువ మీద ఉన్నవి నాలుగే వంతెనలు. వంతెన మెట్టు మీద కూర్చోవడమంటే మన దగ్గర రోడ్డుకు అడ్డంగా కూర్చోవడమే. నియమం కఠినం అయినా దానికి కారణముంది. రాసిపెట్టినా ఎవరూ చదవకపోతే బోర్డులు పెంచాలి, టూరువాళ్ల చేత చెప్పించాలి. ఆ విషయంలో ఊరి తప్పు కూడా ఉంది.

ఊరే తలుపు దగ్గర టికెట్టు పెట్టింది కదా, ప్రదర్శన అనుకోవద్దని నువ్వెలా అంటావు అని కూడా అడిగారు. నా వాదానికి ఇదే గట్టి ఎదురుదెబ్బ. 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ రోజుల్లో ఒక పూటకు వచ్చిపోయేవాళ్ల దగ్గర ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగింటి వరకు అయిదు యూరోల ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. మొదటి ఏడు 29 రోజులు, 2025లో 54 రోజులు. చివరి నిమిషంలో కొనేవాళ్లకు పది యూరోలు. రాత్రి బస చేసేవాళ్లకు మినహాయింపు ఉంది, అయితే ముందుగా నమోదు చేసుకుని ఆ కోడ్ చూపించాలి. అది తెలియక గుమ్మంలో చిక్కుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ రుసుము వల్ల జనం తగ్గుతారని నేను నమ్మను. అంత దూరం వచ్చినవాళ్లు అయిదు యూరోలకు వెనుదిరగరు. పైగా, తలుపు దగ్గర డబ్బు కట్టినవాళ్లకు లోపల ఉన్నది ప్రదర్శనే అనిపించడం సహజం. ఈ విషయంలో ఊరు తన గౌరవాన్ని తానే తగ్గించుకుంటోంది. దీన్ని సమర్థించడానికి నా దగ్గర మాట లేదు.

మూడో ఉత్తరం

ఈ కాలంలో అందరూ అడిగేది పోటు గురించే. ఇక్కడివాళ్లు ఆక్వా ఆల్తా అంటారు. 1966 నవంబరు 4న నీళ్లు 194 సెంటీమీటర్లకు, 2019 నవంబరు 12న 187కు లేచాయి. ఇలాంటి పోట్ల కోసమే సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న మూడు నోళ్ల దగ్గర 78 ఉక్కు తలుపులు కట్టారు, వాటి పేరు మోసే. 2020 అక్టోబరు 3న పోటును ఆపడానికి తొలిసారి పైకి లేపారు. పోటు 110 సెంటీమీటర్లకు చేరుతుందనుకుంటేనే వాటిని లేపుతారు. సాన్ మార్కో చౌకు అంతకన్నా పల్లం. కాబట్టి తలుపులు పడుకుని ఉన్న రోజున, ఆకాశం నిర్మలంగా ఉన్నా, చౌకులోని తూముల గుండా నీళ్లు కింది నుంచి పైకి ఉబికి వస్తాయి. వాన సూచన చూసి గొడుగు తెచ్చుకున్నవాళ్లు బూట్లు తడుపుకుంటారు, పోటు పట్టిక చూసినవాళ్లు ఆ రెండు గంటలూ ఎత్తయిన పేటలో తిరుగుతారు. ఆటుపోట్లు గంటల లెక్క. ఆగితే నీళ్లు దిగిపోతాయి. పూట యాత్రికుడికి ఆగడానికే వీల్లేదు.

రియాల్టో దగ్గర ఒక మందుల షాపు అద్దంలో ఎర్ర అంకెల చిన్న పలక ఉంది. పాత ఊళ్లో ఎంతమంది కాపురం ఉంటున్నారో చూపించడానికి 2008లో పెట్టారు. 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు, ఇప్పుడు 50,000 కూడా లేరు. 2023 నాటికి యాత్రికుల మంచాలే నివాసుల కన్నా ఎక్కువయ్యాయి. ఆ పలక చూసినప్పుడే నా వాదానికి అసలు అభ్యంతరం ఎదురవుతుంది: అందరూ రాత్రిళ్లు ఉండిపోతే ఇళ్లన్నీ అద్దె గదులై ఊరివాళ్లు మెస్త్రేకి పోవలసిందే కదా? నిజమే, ఇప్పుడు జరుగుతున్నదీ అదే. అందుకే కాపురాలు ఖాళీ చేయించి అద్దెకిచ్చే ఇళ్లలో కాక, హోటలుగా కట్టిన చోటో యజమాని తానుండి ఒక గది ఇచ్చే చోటో దిగాలి. ఊరికి ఎక్కువ రాత్రులు ఇచ్చే తక్కువమంది కావాలి. పూటకు వేల మంది వద్దు. ఖర్చు పెరుగుతుంది, కాదనను. టూరులో ఒక నగరం తీసేస్తే అది సర్దుకుంటుంది.

మీరు రాసిన అమ్మ మోకాళ్ల నొప్పి సంగతికి మాత్రం పూర్తి జవాబు లేదు. మెట్లు లేని వంతెనలు తక్కువ. ఒకటో నంబరు పడవ పెద్ద కాలువ రెండు గట్లనూ తాకుతుంది కాబట్టి రేవుకు దగ్గరగా దిగితే చాలా చోట్లకు మెట్లెక్కకుండా వెళ్లవచ్చు. నెమ్మదిగా, రోజుకొక పేట. ఒక్క పూట టూరులో అయితే గుంపు వెంట మెట్లెక్కుతూ పరుగెత్తక తప్పదు.

ఇక్కడి విమానాశ్రయానికి మార్కో పోలో పేరు పెట్టారు. ఈ ఊరి మనిషే, పదమూడో శతాబ్దం చివర మన మోటుపల్లి గురించి రాశాడు. ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని, సాలెగూడంత సన్నని బట్టలు నేస్తారని రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు. అదే చోట పాముల లోయలో మాంసం ముక్కలు విసిరి, డేగలు ఎత్తుకెళ్లాక వాటికి అంటుకున్న వజ్రాలు ఏరుకుంటారన్న కథ కూడా రాశాడు. పాలన గురించి, నేత గురించి రాసినవి నమ్మదగ్గవి, వజ్రాల లోయ రేవుల్లో చెప్పుకునే కథ. వెనిస్ గురించి బాబాయి స్నేహితులు చెప్పేవాటిలోనూ ఈ రెండూ కలిసే ఉన్నాయి. రెంటినీ వేరు చేసుకోవడానికి ఊళ్లో కాస్త ఎక్కువసేపు ఉండాలి.

అందుకని టూరువాళ్లను రెండు విషయాలు అడగండి. రాత్రి బస మెస్త్రేలోనా, సాంతా లూచియా స్టేషన్ ఉన్న దీవుల మీదా? వెనిస్‌కి ఇచ్చినది పూటా, రాత్రులా? మెస్త్రే, ఒక పూట అని చెబితే డబ్బు కట్టవద్దు. వచ్చే వసంతంలో మీరిద్దరూ విడిగా రండి, పడవ రేవుకు దగ్గర్లో గది నేను చూసి పెడతాను.