మిద్దె మీది మాటలు

నేను కౌన్సెలర్‌ని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతపు ఊళ్లలోనే నా పని. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి ఇవి మూడు జిల్లాలయ్యాయి గానీ, మనసు బాగాలేదంటే మాత్రం అందరికీ గుర్తొచ్చేది హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రే. ఆ పేరే ఇక్కడ తిట్టు. బిడ్డను అక్కడ చూపించారని తెలిస్తే సంబంధాలు రావని తల్లిదండ్రుల భయం. ఇట్లాంటి చోట 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ పడింది. అప్పటిదాకా ఎదురుగా కూర్చోబెట్టుకొని మాట్లాడిన నేను ఫోన్ పట్టుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ చెప్పే ఊళ్లూ వివరాలూ ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. మాటలు మాత్రం వాళ్లవే.

ఏప్రిల్‌లో ఒక డిగ్రీ కుర్రాడి నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. తిరిగి చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. "మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడతానమ్మా, మీ అబ్బాయి ఫోన్ చేసిండు" అన్నాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత, "మావోనికి మెంటలేం లేదు" అని పెట్టేసింది. అతను మళ్లీ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఏం చెప్పుకుందామని ఫోన్ చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తప్పు నాదే. ఆ రోజు నుంచి రెండు సంగతులు మార్చుకున్నాను. ఫోన్ ఎత్తగానే "యాడున్నవ్ బిడ్డా?" అని అడగడం మొదటిది. రెండోది, ఇంట్లోవాళ్లతో డిప్రెషన్ అనీ మానసికం అనీ అనకపోవడం. మనకు దిగులుకు "రంది" అనే మాట ఉంది. "మీవోడు రంది పెట్టుకున్నడమ్మా" అంటే ఏ తల్లీ ఫోన్ పెట్టేయదు. "అవును మేడం, సగమైండు" అని తనే మొదలుపెడుతుంది.

యాడున్నవ్ అంటే చాలామంది చెప్పిన జవాబు, "మిద్దె మీద." ముంబయి, పుణె, హైదరాబాద్ వలస పోయినవాళ్లంతా ఒక్కసారిగా ఇళ్లకు చేరారు. రెండు గదుల్లో ఆరేడుగురు. గుట్టుగా ఒక మాట మాట్లాడాలంటే జాగా లేదు. సిగ్నల్ కూడా మిద్దె మీదే దొరికేది. అమ్రాబాద్ అడవి వైపు పిల్లలకు అదీ లేదు. ఊరు దాటి గుట్ట ఎక్కాలి. ఎండాకాలం కాబట్టి పొద్దు గూకినాకే ఫోన్లు మొదలయ్యేవి. నా పని వేళలు కూడా అట్లాగే రాత్రికి మారాయి.

అయిజ వైపు ఒక పిల్లవాడు బీటెక్ అయిపోయి, క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చి, చేరే తేదీ వాయిదా పడి ఇంట్లో ఉన్నాడు. గుండె దడ, అరచేతుల్లో చెమట, రాత్రి మూడింటిదాకా మెలకువ. గద్వాలలో ఈసీజీ తీస్తే ఏమీ లేదన్నారు. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది ఇట్లా ఒంటి బాధతోనే వచ్చారు. తలనొప్పి, కడుపులో మంట, ఆయాసం. "మనసు బాలేదు" అని మొదటి ఫోన్‌లోనే అన్నవాళ్లు చాలా తక్కువ. ఆ ఇంట్లో సీడ్ పత్తి వేశారు. విత్తన కంపెనీ ఆర్గనైజర్ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారు కాబట్టి క్రాసింగ్ ఆగడానికి లేదు. సాయంత్రం మొగ్గ విప్పి లోపలి పుప్పొడి కాడలన్నీ గిల్లేయాలి. పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఆగస్టు నుంచి రోజూ అదే పని. చేతులకు ఆ పని కష్టం కాలేదతనికి. బాట మీద పోయేవాళ్లు ఆగి "ఏం తమ్మీ, జాబ్ పోయిందంట గదా?" అనడమే కష్టమైంది. "అడుగుడు బంద్ చేస్తే సగం రంది పోతది మేడం" అన్నాడు.

అతని ఒప్పుకోలుతోనే వాళ్ల నాయనతో మాట్లాడాను. "మాకెర్కనే మేడం. రాత్రి లేచి మిద్దె మీద తిరుగుతడు. ఎట్ల అడగాల్నో తెల్వక పండుకున్నట్టు ఉంటున్న" అన్నాడాయన. తండ్రి కింద మెలకువగా ఉన్నాడని కొడుక్కి తెలియదు. ఆ ఒక్క సంగతి అతనికి చేరవేయడమే ఆ వారం నేను చేసిన వైద్యం. దడ వచ్చినప్పుడు ఊపిరి నిదానంగా వదలడం, ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లేవడం, ఇవన్నీ తర్వాత నేర్పాను.

గద్వాల దగ్గర ఒక చేనేత ఇంటి అమ్మాయి మార్చి నెలాఖర్లో ఫోన్ చేసింది. డిగ్రీ రెండో సంవత్సరం. ఇంటి నడుమ గుంట మగ్గం. నాయన నేస్తున్నంతసేపూ ఆ చప్పుడు చాటున వంటగదిలోంచి మాట్లాడేది. నాడె అటూ ఇటూ ఆడుతుంటే ఆమె గొంతు నాకూ సగమే వినపడేది. అయినా రోజూ ఏదో ఒకటి చెప్పేది. లగ్గానికి తక్కువమందే రావాలి కాబట్టి ఖర్చు తగ్గుతుందని ఇంట్లో సంబంధం చూస్తున్నారు. ఆమెకు చదువు పూర్తి చేయాలని ఉంది. పది పదిహేను రోజులకు మగ్గం మీది పడుగు అయిపోయింది. కొత్తగా నూలూ జరీ ఇచ్చేవాళ్లు లేరు, నేసిన చీరలు కొనేవాళ్లూ లేరు. మగ్గం ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దమైంది. దాంతో ఆమె మాటలు కూడా ఆగిపోయాయి. మగ్గం ఆగితే కూలి పోతుందని తెలుసు గానీ, ఒక ఆడపిల్లకు గొంతు విప్పే చాటు కూడా పోతుందని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత వాట్సాప్‌లో రాసేది. చదివాక చెరిపేయమని చెప్పేదాన్ని. పెళ్లిని ఆపలేకపోయాను. మేనత్తతో చెప్పించగా పరీక్షలయ్యేదాకా వెనక్కి జరిగింది. ఆమె పరీక్షలు రాసింది.

రెండో వేవ్ వేరు. కొత్తకోట, పెబ్బేరు, అలంపూర్ చౌరస్తా మీదుగా పోయే 44వ నంబరు హైవే మీద మొదటి ఏడాది నడిచిపోయే కూలీలను చూశాం. 2021 మేలో అంబులెన్సులను చూశాం. పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఆంధ్ర నుంచి వచ్చేవాటిని ఆపితే హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. ఆ నెలలోనే నాగర్‌కర్నూల్ వైపు ఒక కుర్రాడు తండ్రిని పోగొట్టుకున్నాడు. జ్వరం ముందు వచ్చింది ఇతనికి. "నేనే తెచ్చిన మేడం, నేనే సంపిన" అన్నాడు. ఇట్లాంటప్పుడు "నీ తప్పు కాదు" అని ఎన్నిసార్లు అన్నా చెవికెక్కదు. అందుకే ఆ మాట వదిలేసి, "మీ నాయన ఎట్లాంటోడు, చెప్పు" అన్నాను. నాలుగు రాత్రులు చెప్పాడు. దినాలు పదిమందితో అయిపోయాయనే బాధ ఎక్కువగా ఉండింది. మరుసటి ఏడు సంవత్సరీకానికి ఊరందరినీ పిలిచి తనే వడ్డించాడట. ఆ రాత్రి ఫోన్ చేసి "నిద్రొస్తుంది మేడం" అని పెట్టేశాడు.

వ్యాధి తగ్గాక కూడా మా పని తగ్గలేదు. 2020లో పదో తరగతి మూడు పేపర్లు రాసేసరికి పరీక్షలు ఆగి అందరూ పాసైన పిల్లలు, ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్ష లేకుండానే రెండో సంవత్సరానికి వచ్చారు. అప్పుడు, 2021 అక్టోబరులో, వాళ్లతో మొదటి సంవత్సరం పరీక్ష రాయించారు. ఇంటికొక్క ఫోన్‌తో సాగిన చదువు అది. డిసెంబరు 16న ఫలితాలు వస్తే పాసైనవాళ్లు 49 శాతమే. రాష్ట్రంలో కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైనవాళ్లందరికీ 35 మార్కులు వేసి పాస్ చేస్తున్నట్టు డిసెంబరు 24న ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఎనిమిది రోజులూ నా ఫోన్ చార్జర్‌కే ఉంది. ఆ నిర్ణయం ఫలితాల రోజునే రావాల్సిందని నేను ఈ రోజుకీ అంటాను.

ఆ రోజుల్లో ప్రతి పిల్లనూ, పిల్లవాణ్నీ సూటిగా అడిగాను, "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అట్లా పుట్టదు. అడిగినప్పుడు పిల్లలు గట్టిగా ఊపిరి వదలడం ఫోన్‌లో విన్నాను. అవునన్నవాళ్ల ఇంట్లో పెద్దలతో ఆ రాత్రే మాట్లాడి పురుగుమందు డబ్బాలు బయటికి తీయించి తాళం వేయించాను. పత్తి ఊళ్లలో అవి మంచాల కిందే ఉంటాయి. ప్రయత్నం చేసి బతికినవాళ్లను కేసు భయంతో దాచొద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అది తీవ్రమైన ఒత్తిడి వల్ల జరిగిందనే భావించాలి. శిక్షించకూడదు.

2022 అక్టోబరు 10న టెలి మానస్ మొదలైంది. 14416కు రాత్రయినా పగలైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆ నంబరు మీ ఇంటి గోడ మీద రాసి పెట్టండి. రాత్రి పూట మీ పిల్లలు ఫోన్ పట్టుకొని మిద్దె ఎక్కితే ఎవరితోనని గద్దించకండి. మాట్లాడనివ్వండి. దిగొచ్చాక "తిన్నవా?" అని ఒక్క మాట అడగండి.